ఈస్టర్ నాటికి బల్ల

జనవరి 8, 2023, ఆదివారం

బల్ల నేనే చేస్తానని చర్చిలో లేచి చెప్పాను. పాస్టర్ గారు నవ్వారు. మళ్ళీ చెప్పాను. ఈసారి వెనక వరుసలు కూడా నవ్వాయి. చివరికి మా ఆవిడ బాలకుమారి లేచి, "నిజంగానే అంటున్నారు పాస్టర్ గారూ" అంటే అప్పుడు నవ్వు ఆపి ప్రార్థన చేశారు. ఇన్నేళ్ళుగా నేను కష్టపడి సంపాదించుకున్న పేరు ఇది. మంటలు అని నేను అరిస్తే మా సంఘంలో సగంమంది పరిగెత్తరు, ఫోన్లు తీసి వీడియో పడతారు.

మాది తెల్లవాళ్ళ చర్చి. అంటే పొద్దున వాళ్ళది, మధ్యాహ్నం అద్దెకి మాది. నెల మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే బల్ల ఆరాధన ఇన్నాళ్ళూ ప్లాస్టిక్ మడత టేబుల్ మీద తెల్లగుడ్డ పరిచి కానిచ్చాం. కాసిని కుటుంబాలకి అది చాలింది. పోయిన సెప్టెంబరు నుంచి స్టూడెంట్లు విమానం దిగి సూట్‌కేసులతో నేరుగా ఇక్కడికే వస్తున్నట్టుంది. కుర్చీలు చాలక గోడలకి ఆనుకుని నిలబడుతున్నారు. ద్రాక్షరసం ట్రేలు పెరిగాయి, ఆ బరువుకి టేబుల్ కాళ్ళు పక్కకి జారుతున్నాయి. అందుకని ఈస్టర్‌కి కొత్త బల్ల. మేపుల్ చెక్క. మేకు ఉండదు, మెషీన్ ఉండదు. అన్నీ నా చేతులతోనే.

ఈ నోటుబుక్కు విశ్వనాథం గారిది. పక్క వీధిలో ఉంటారు, రిటైరైన సివిల్ ఇంజనీరు, శివభక్తుడు, ఇప్పుడు ప్రభువు బల్లకి సలహాదారు. పార్కిన్సన్స్ వచ్చి ఎడమ చెయ్యి ఊరికే వణుకుతూ ఉంటుంది. పనిముట్లు పట్టలేక తన ఉలులూ రంపాలూ అన్నీ నాకిచ్చేసి, మా గరాజ్‌లో స్టూలు మీద కూర్చుని ఆజ్ఞలు జారీ చేస్తుంటారు. "చెడగొట్టినవి మాత్రం తప్పకుండా రాసుకోవయ్యా. బాగా వచ్చినవి ఎవడైనా గుర్తుపెట్టుకుంటాడు" అన్నారు. ఇంటర్ తప్పాక నేను ఇంత రాయడం ఇదే.

జనవరి 10

చెక్క తెచ్చిన రోజే కొయ్యకూడదు. బేస్‌మెంట్ మెట్ల పక్కన, కింద బద్దలు పెట్టి, గాలి ఆడేలా పేర్చాను. ఇంట్లో హీటర్ గాలికి అలవాటు పడాలి. గరాజ్ చలిలో కోసిన పలక హాల్లోకి వెళ్ళాక ముడుచుకుని వంకర తిరుగుతుంది. మన పక్క టేకుకి ఈ బాధ తెలీదు. ఊళ్ళో ఏడాదంతా ఒకటే చెమట.

కింద అద్దెకుండే ఆడపిల్లలు నలుగురు. వాళ్ళలో స్టెఫీది నోరు పెద్దది. "అంకుల్, ఈ కట్టెలెందుకు, పవర్ పోతుందా?" అంది. అవునమ్మా, ఫిబ్రవరంతా పోతుంది, గవర్నమెంటు మనిషికిన్ని కట్టెలని ఇస్తుంది, మీ వాటా ఇదే అన్నాను. పాపం నమ్మింది. పోయిన నెల రీసైక్లింగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి డబ్బాలు వాసన చూస్తాడని చెబితే, నలుగురూ పెరుగు డబ్బాలు సబ్బుతో కడిగి వరుసగా ఆరబెట్టుకున్నారు.

జనవరి 15

గీతకి పెన్సిలు వద్దు, చాకు. పెన్సిలు గీత లావు, దానికి ఎటువైపు కోయాలో రంపానికి తెలీదు. చాకు గీతలో ఉలి అంచు దానంతటదే కూర్చుంటుంది.

ఉలి పదును చూడటానికి గోరు మీద ఆనించాలి. జారితే మొద్దు, పట్టుకుంటే పదును. మొద్దు ఉలికి బలం ఎక్కువ కావాలి, బలం ఎక్కువైతే చెయ్యి జారుతుంది. చేతులు కోసుకునేది మొద్దు ఉలితోనే.

జనవరి 21

కాలికి బెజ్జం, అడ్డపట్టీకి అందులో దూరే నాలుక, అదే కుసి. కుసి బెజ్జంలోకి అరచేత్తో నొక్కితే దిగాలి. సుత్తి కావాలంటే బిగువు ఎక్కువ, తలకిందులు చేస్తే ఊడిపడితే వదులు. మొదటి బెజ్జం ముత్యంలా వచ్చింది. విశ్వనాథం గారు వేలు పెట్టి లోపలంతా తడిమి, "ఇంజనీరింగ్ చదివుంటే చెడిపోయేవాడివి" అన్నారు.

రెండోదానికి కుసి కోస్తుంటే రంపం గీత దాటింది. ఆ రంపానికి పళ్ళు ఒకవైపు వంగినట్టున్నాయి. సరిచేయించాలి.

జనవరి 24

రంపం సరిగ్గానే ఉందట. కొట్టువాడికి కళ్ళు లేవు.

జనవరి 29

మళ్ళీ గీత దాటింది. కింద పిల్లలు మెట్లమీద గుర్రాల్లా దిగుతారు, ఇల్లంతా అదురుతుంది, రంపం అదరదా మరి. స్టెఫీని పిలిచి మెల్లగా నడవమన్నాను. "అంకుల్, మేమంతా ఇప్పుడే షిఫ్ట్ నుంచి వచ్చాం, పొద్దున్నుంచి ఇంట్లో ఎవరం లేము" అంది. సర్లే.

బాలకుమారికి పొదుపు పట్టుకుంది. టీ సగం కప్పు పోస్తోంది. అడిగితే "వేడిగా ఉంటుందని" అంది. మిగతా సగం కూడా వేడిగానే ఉంటుంది కదా. తను పనిచేసే వృద్ధాశ్రమంలో ముసలాళ్ళకి కొలిచి పోసీ పోసీ ఇదే అలవాటైపోయినట్టుంది.

ఫిబ్రవరి 3

ఈ పెన్ను మంచిది కాదు. లైను మొదట్లో బాగానే మొదలవుతుంది, చివరికొచ్చేసరికి అక్షరాలు చీమల్లా అయిపోతున్నాయి. స్కూల్లో ఎవరో పారేసుకున్నదేదో తెచ్చుకున్నాను, అదే తప్పు. నేను కస్టోడియన్‌గా ఊడ్చి తుడిచే స్కూల్లో నేల మీద రోజూ డబ్బాడు పెన్నులు దొరుకుతాయి, ఒక్కటీ పనికొచ్చేది ఉండదు.

ఫిబ్రవరి 11

బాలకుమారి పుట్టినరోజు భోజనాలు. విశ్వనాథం గారు, కింద పిల్లలు, చర్చి నుంచి ముగ్గురు నలుగురు. అడగ్గానే విశ్వనాథం గారి యాక్టింగ్ చేశాను. ఆయన స్టూలు మీద కూర్చోవడం, కళ్ళజోడు పైనుంచి చూడటం, టీ కప్పు మూతి దగ్గరికి చేరేలోపు సగం చొక్కాకి పోయడం. స్టెఫీ నవ్వలేక కింద కూర్చుండిపోయింది. అందరికన్నా ఎక్కువ నవ్వేది ఆయనే. కళ్ళు తుడుచుకుని "నాకన్నా బాగా వణికావయ్యా రాజూ" అన్నారు.

బాలకుమారి మాత్రం వంటింట్లోకి వెళ్ళింది. కేకు కోసేటప్పుడు కూడా రాలేదు, కేకే అక్కడికి వెళ్ళింది.

ఫిబ్రవరి 12, ఆదివారం

స్టెఫీ నిన్నటి వీడియో పంపింది. చూశాను.

ఫిబ్రవరి 13

మళ్ళీ చూశాను. యాక్టింగ్ మొదలెట్టకముందు కొంతసేపు ఉంది. నేను గోడకి ఆనుకుని పాస్టర్ గారితో మాట్లాడుతున్నాను. కుడి చెయ్యి తొడపక్కన వేలాడుతోంది. బొటనవేలూ చూపుడువేలూ ఒకదానిమీద ఒకటి తిరుగుతున్నాయి, బీడీ చుడుతున్నట్టు. నేనప్పుడు ఏ యాక్టింగూ చెయ్యట్లేదు.

విశ్వనాథం గారిది ఎడమ చెయ్యి.

ఫోన్ క్వాలిటీ బాగోలేదు.

ఫిబ్రవరి 14

వణికిన మాట నిజమే. స్కూల్లో నేల పాలిష్ మెషీన్ పట్టుకుంటే సాయంత్రం దాకా చేతుల్లో అదురు ఉంటుంది. అందరికీ ఉంటుంది.

ఫిబ్రవరి 20

స్కూలుకి సెలవు. మెషీన్ ముట్టుకోలేదు. వణికింది.

ఫిబ్రవరి 25

పైపలకకి మూడు చెక్కలు అంచుకి అంచు అంటించాలి. అంచులు చిత్రిక పట్టాక ఒకదానిమీద ఒకటి నిలబెట్టి, వెనక లైటు పెట్టి చూడాలి. వెలుగు కనబడితే మళ్ళీ పట్టాలి. చెక్కల్ని నొక్కిపట్టే ఇనప క్లాంపులు బిగిస్తే సందు మూసుకుంటుందిలే అనుకునేవాడు మూర్ఖుడు. క్లాంపు ఇవాళ మూస్తుంది, చెక్క రేపు తెరుస్తుంది.

రెండంచులూ బాగా వచ్చాయి. మూడోదాంట్లో వెలుగు. పట్టాను, వెలుగు. చిత్రిక చివరికొచ్చేసరికి కుడి చెయ్యి దాని ఇష్టం దానిది. పట్టీ పట్టీ చెక్క సన్నమైపోతోంది. ఇంక వదిలేశాను. రంపపు పొడి గ్లూలో కలిపి సందులో కూరుస్తాను. పాలిష్ పడ్డాక కనబడదు. మూర్ఖుడు అని పైన రాసింది కొట్టేద్దామనుకున్నాను, ఉండనీ.

విశ్వనాథం గారికి ఆ అంచు చూపించలేదు. ఇవాళ ఆయన నా మొహం వైపే చూస్తూ కూర్చున్నారు, చెక్క వైపు కాదు.

మార్చి 1

బాలకుమారి కొత్త చెంచాలు తెచ్చింది. పిడి బొటనవేలంత లావు, ఏనుగులకి చేసినట్టున్నాయి. సేల్‌లో వచ్చాయట. బొత్తాల చొక్కాలు పైన సర్దేసి, జిప్పువి కింద అరలో పెట్టింది. చలికట, జిప్పే మంచిదట. ఆడవాళ్ళకి సేల్ పిచ్చి పడితే ఇంతే.

అన్నం బాగానే తిన్నాను ఆ చెంచాతో. చొక్కా మీద పడలేదు.

మార్చి 4

గరాజ్‌లో విశ్వనాథం గారు ఉన్నట్టుండి, "ఉలి కింద పెట్టు" అన్నారు.

"పదును పోయిందంటారా?"

"పెట్టవయ్యా. ఇట్రా. చెయ్యి ఇలా ఒళ్ళో పెట్టుకో, ఏమీ చెయ్యకుండా."

పెట్టాను. తిరగడం మొదలెట్టింది, చుట్టడానికి పొగాకు లేని బీడీ.

"యాక్టింగ్" అన్నాను.

"నాది ఎడమ చెయ్యి రాజూ. నువ్వు కుడి చేత్తో చేశావు ఆరోజు. ఇన్నేళ్ళలో నువ్వు ఆ పొరపాటు ఎప్పుడూ చెయ్యలేదు."

నేనేదో అన్నాను, ఇంజనీర్లకి కుడీ ఎడమా తెలిసుంటే మన ఊళ్ళో వంతెనలు కూలేవి కాదని. ఆయన నవ్వలేదు. నా జోకుకి ఆ మనిషి నవ్వకపోవడం ఇదే మొదలు.

"బాలకుమారికి చెప్పావా?"

"చెప్పడానికి ఏముంది?"

"డాక్టర్ దగ్గరికి వెళ్ళు. ఆవిడకి చెప్పు. ఏది ముందైనా పర్వాలేదు."

వెళ్ళేముందు ఆయన ఎడమ చేతిని తన కుడి చేత్తో పట్టుకుని కోటు జేబులో పెట్టుకున్నారు. ఆ పని ఎన్ని వందలసార్లు చూశానో, చేసి చూపించానో. ఎందుకు పెడతారో ఎప్పుడూ అడగలేదు.

మార్చి 5, ఆదివారం

బల్ల ఆరాధన. చిన్న గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాను. భక్తి ఎక్కువైందనుకుని ఉంటారు.

మార్చి 9

ఫ్యామిలీ డాక్టర్ కుర్రాడు. వేళ్ళు చప్పట్లలా కొట్టమన్నాడు, లేచి నడవమన్నాడు, ఒక వాక్యం రాయమన్నాడు. తర్వాత కాగితం మీద చుట్టలు చుట్టలుగా గీత గీయమన్నాడు. గీశాను. ముళ్ళకంపలా వచ్చింది. దానికి కొమ్ములు రెండు పెట్టి, కింద తోక పెట్టి నత్తని చేసి ఇచ్చాను. అతను నత్తని చాలాసేపు చూశాడు.

స్పెషలిస్టుకి రిఫర్ చేస్తాడట. వాళ్ళు పిలవడానికి నెలలు పడుతుందట. ఈలోగా అతనికేం అనిపిస్తోందో చెప్పమన్నాను. చెప్పాడు. మందులున్నాయన్నాడు, చాలామంది చాలా ఏళ్ళు బాగానే గడుపుతారన్నాడు. నా పనేమిటని అడిగాడు. కస్టోడియన్ అన్నాను. అది చెప్పాక గుర్తొచ్చింది, అతను అడిగింది చేతులతో ఏం చేస్తావని కాబోలు.

బస్సులో వచ్చాను. డ్రైవ్ చేయొద్దని ఎవరూ అనలేదు, నేనే కారు తీసుకెళ్ళలేదు పొద్దున. అంటే నాకు పొద్దున్నే తెలుసన్నమాట.

మార్చి 10

చదువుకున్నవాడికి చెయ్యి పోతే తల మిగులుతుంది. విశ్వనాథం గారు స్టూలు మీద కూర్చుని లెక్కలు వేసుకుంటారు, సంస్కృతం చదువుకుంటారు. నాకేం మిగులుతుంది. జోకులు. అవి కూడా సగం చేతులతోనే చేసేవి.

మార్చి 12

బాలకుమారికి చెబుదామని వంటింట్లోకి వెళ్ళాను. ఉల్లిపాయలు తరుగుతోంది.

"బాలా, నాకో జబ్బు" అన్నాను.

"ఏం జబ్బు?" కత్తి ఆపింది.

ఆ కళ్ళు చూసేసరికి నోరు దాని దారి అది పట్టింది. "అత్తగారి కూతురి వంట తిని తిని నాలుక చచ్చిపోయింది."

మళ్ళీ తరగడం మొదలెట్టింది. కాస్త గట్టిగానే తరిగింది.

మార్చి 15

ఇవాళా చెప్పలేదు.

మార్చి 19

గ్లూ పెట్టాం. ఇది ఒక్కసారే జరిగే పని. గ్లూ రాశాక అది గట్టిపడేలోపు అన్ని కుసులూ బెజ్జాల్లో కూర్చోవాలి, మూలలు సరిగ్గా ఉండాలి, క్లాంపులు బిగియాలి. అందుకే ముందు గ్లూ లేకుండా ఒకసారి మొత్తం బిగించి చూసుకోవాలి. క్లాంపులు ఎన్నున్నా ఇంకోటి తక్కువవుతుంది, పక్కింటి సర్దార్జీవి కూడా తెచ్చుకున్నాను.

నాకు ఎడమ చెయ్యి మంచిది. విశ్వనాథం గారికి కుడి చెయ్యి మంచిది. పక్కపక్కన నిలబడ్డాం, భుజాలు ఆనించుకుని. నేను పట్టుకుంటే ఆయన తిప్పారు, ఆయన పట్టుకుంటే నేను కొట్టాను. మధ్యలో ఉన్న రెండు చేతులూ వాటి మానాన అవి వణుకుతూ ఒకదానికొకటి తగులుతున్నాయి.

"మన ఇద్దరినీ కలిపి ఒక వడ్రంగి అనుకుంటే సరి" అన్నారాయన.

"కూలీ మాత్రం ఇద్దరికీ ఇవ్వాలి" అన్నాను.

అప్పుడు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. తర్వాత ఆయన అటు తిరిగి చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

ఒక కాలు సరిగ్గా కూర్చోలేదు. రెండో బెజ్జం. నాకు ముందే తెలుసు. ఊగుతుంది, అడుగున సన్నటి చెక్కముక్క పెడతాను.

మార్చి 20

పైపలకని ఎప్పుడూ కాళ్ళకి గ్లూతో అంటించకూడదు. ఇక్కడ శీతాకాలం హీటర్లకి ముడుచుకుంటుంది, వానలకి ఉబ్బుతుంది. కదలనివ్వకపోతే నడిమికి చీలుతుంది. అడుగున గాడిలో కదిలే చెక్క బిళ్ళలతో పట్టి ఉంచాలి, అంతే.

మార్చి 25

రుద్దడం. ముందు గరుకు కాగితం, తర్వాత నున్నటిది, ఇంకా నున్నటిది. మధ్యలో ఏదీ దాటేయకూడదు. చెక్కలో చార వెంటే రుద్దాలి, అడ్డంగా రుద్దితే ఆ గీతలు పాలిష్ పడ్డాకే బయటపడతాయి, అప్పుడింక ఏడవడమే. ఈ పనికి వణుకు అడ్డం కాదు. ఇంకా సాయమే. కాసేపు నా చెయ్యి మెషీన్ అయింది.

మార్చి 28

బ్రష్షుతో వార్నిష్ వేయలేను, అలలు పడతాయి. స్పిరిట్ పాలిష్ వేశాను, లక్క స్పిరిట్‌లో నానబెట్టి, దూది ముద్దని పాత గుడ్డలో చుట్టి. గుడ్డ చెక్క మీద ఆగకూడదు, ఆగిన చోట మచ్చ. వణికే చెయ్యి ఎలాగూ ఆగదు. పొర మీద పొర. మేపుల్ కింద నుంచి వెలుగు వచ్చినట్టు అయింది. నేను చేసిన వస్తువులన్నిటిలోకీ ఇదే అందమైనది. ఇంకోటి చేయను కాబట్టి ఈ మాట ధైర్యంగా రాయొచ్చు.

మూడో అంచు సందు కనబడటం లేదు.

ఏప్రిల్ 2, మట్టల ఆదివారం

వ్యాన్‌లో తీసుకెళ్ళాం. స్టూడెంట్లు మోశారు. పాస్టర్ గారు చేత్తో నిమిరి, "ఇది మన రత్నరాజు బ్రదర్ చేసిందంటే నమ్మగలరా?" అన్నారు. నమ్మలేమని అందరూ నవ్వారు.

ఈ నెల బల్ల ఆరాధన ఈస్టర్ రోజే, బల్ల చేసినవాడే మొదటి ట్రే పంచాలట. సంఘమంతా చప్పట్లు.

ఏప్రిల్ 7, గుడ్ ఫ్రైడే

ఆరాధన అయ్యాక పాస్టర్ గారిని పక్కకి పిలిచాను.

"పాస్టర్ గారూ, ట్రే నాకొద్దు. చెయ్యి వణుకుతోంది."

చెయ్యి చూపించాను. పనిగట్టుకుని చూపించాను. చక్కగా వణికింది.

ఆయన నవ్వు ఆపుకుంటూ భుజం తట్టారు. "బ్రదర్, గుడ్ ఫ్రైడే నాడైనా ఆ పెద్దాయన్ని వదిలేయండి. పాపం."

ఏప్రిల్ 9, ఈస్టర్ ఆదివారం

రాయగలిగినంత రాస్తాను.

హాలు నిండిపోయింది. తలుపు దగ్గర కూడా పిల్లలే, కొందరు కాఫీ షాపు యూనిఫాంతోనే వచ్చారు. బల్ల మీద గుడ్డ వేయొద్దన్నారు పాస్టర్ గారు, చెక్క అందరికీ కనబడాలని. పాట అయింది, ప్రార్థన అయింది. నన్ను పిలిచారు. ట్రే స్టీలుది, గుండ్రటిది, చిన్న గ్లాసులు దగ్గరదగ్గరగా గుచ్చి ఉంటాయి. రెండు చేతులతో ఎత్తాను.

గ్లాసులు మోగడం మొదలెట్టాయి. చిన్నగా, పళ్ళు కొట్టుకున్నట్టు. ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆపాలని గట్టిగా పట్టుకున్నాను, గట్టిగా పట్టుకుంటే ఎక్కువవుతుంది. ఇంకా మోగాయి. స్టెఫీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "విశ్వనాథం గారొచ్చారు" అని వెనకనుంచి ఒక గొంతు, దాంతో నవ్వు వరుసలు వరుసలుగా వెనక్కి పాకింది. పాస్టర్ గారు కళ్ళతోనే ఇక చాలన్నట్టు చూశారు.

"నవ్వకండి" అన్నాను. అలా అంటే ఇంకా నవ్వొస్తుందని నాకు తెలియదా. ఎన్నిసార్లు ఆ మాటతోనే నవ్వించాను.

ట్రే బల్ల మీద పెట్టేద్దామని తిరిగాను. అంచు తగిలింది. గ్లాసులు ఒరిగాయి. ద్రాక్షరసం పాలిష్ మీద జారి, పోయి పోయి, ఆ మూడో అంచు దగ్గర ఆగింది. అక్కడ దిగింది. నేను రంపపు పొడితో మూసిన సందు ఈ చివర నుంచి ఆ చివరకి ఊదారంగు గీత అయి బయటపడింది. చాకుతో గీసినట్టుంది.

అప్పుడు నవ్వు ఆగింది. బల్ల పాడైందని ఆగింది.

బాలకుమారి వచ్చింది. ఎప్పుడు లేచిందో చూడలేదు. ఎవరి వైపూ చూడకుండా నా కుడి చేతిని తన చేతిలోకి తీసుకుని ట్రే కింద పెట్టి, పైన తన చెయ్యి వేసి బిగించింది, క్లాంపులా. "నడవండి" అంది మెల్లగా. నడిచాను. వరుసలన్నీ అలాగే పంచాం. పిల్లలు గ్లాసులు తీసుకుంటూ మా చేతుల వంక చూసి తలలు దించుకున్నారు. స్టెఫీ గ్లాసు తీసుకోలేదు. ఏడుస్తోంది.

ఏప్రిల్ 10

నిన్న చర్చి నుంచి వస్తుంటే కారు తనే డ్రైవ్ చేసింది. ఇవాళ పొద్దున టీ ఇచ్చింది, సగం కప్పు. అప్పుడు అడిగాను.

"ఎప్పటి నుంచి తెలుసు?"

"క్రిస్మస్ నుంచి. నక్షత్రం దీపానికి వైరు కట్టలేకపోయారు. రోజూ అలాంటి చేతులకే కదండీ నేను తినిపించేది."

"మరి చెప్పలేదేం?"

"మీరు చెప్తారని."

"చెబుదామనే వచ్చాను ఒకసారి. ఉల్లిపాయలు తరుగుతున్నావు."

"తెలుసు. కత్తి కూడా ఆపాను." కొంగుతో బల్ల మీద లేని తడి తుడిచింది. "పెళ్ళైన కాడ్నుంచి మీరేం చెప్పినా నవ్వాలో వద్దో తెలీక మీ మొహం చూస్తూ బతికాను. ఈ ఒక్కటీ మీ నోటితో నిజంగా వింటే చాలనుకున్నాను. ఏవండీ, ఇప్పుడైనా చెప్పండి. నవ్వించకుండా."

నోటి చివర జోకు సిద్ధంగానే ఉంది. మంచిదే. మింగాను.

"చేతులు పోతున్నాయి బాలా" అన్నాను. "నాకు భయంగా ఉంది."

తను పర్వాలేదనలేదు, ప్రార్థన చేద్దామనలేదు. టీ చల్లారిపోయింది.

ఏప్రిల్ 15

పాస్టర్ గారు ఫోన్ చేశారు. క్షమించమన్నారు. ఆ గీత తీసేయించాలా, వేరే పలక వేయిద్దామా అని అడిగారు. వద్దన్నాను. దాన్ని తీయాలంటే కోసి, మళ్ళీ అంచు చిత్రిక పట్టాలి. ఎవరు పడతారు.

స్టెఫీ వీడియో తీసేసిందట. చూపించి మరీ చెప్పింది. ఆ పిల్లకి నామీద ఇంక నవ్వు రాదు. కరెంటు కట్ చేస్తారు, కట్టెలు తీసుకెళ్ళు అన్నా సరే, "అలాగే అంకుల్" అని మెట్లు నెమ్మదిగా దిగిపోయింది. ఇప్పుడు ఇంట్లో ఎవరూ గట్టిగా నడవరు.

ఏప్రిల్ 22

చాలాకాలం వాడని పనిముట్లు దాచేటప్పుడు. ముందు పదును పెట్టాలి, మొద్దుగా దాచకూడదు. పొడిగుడ్డతో తుడవాలి. నూనె పల్చగా పట్టించాలి. తోలు ఒరల్లో వదలొద్దు, తోలు తడి పీల్చి ఇనుముని తింటుంది. పాత నూలుగుడ్డలో విడివిడిగా చుట్టి, ఉలికి ఉలి తగలకుండా పెట్టె అడుగున పెట్టాలి. నూనె గుడ్డలు మాత్రం ముద్దగా వదిలేయకూడదు, వాటంతటవే అంటుకుంటాయి. బయట తీగ మీద పరిచి ఆరబెట్టాలి.

పదును పెట్టడం మాత్రం నేనే చేశాను. పొద్దంతా పట్టింది. గోరు మీద ఆనించి చూశాను, పట్టుకుంది. అన్నీ పట్టుకున్నాయి.

విశ్వనాథం గారు స్టూలు మీద కూర్చుని చూశారు. వెనక్కి తీసుకుంటారా అని అడిగాను. తల అడ్డంగా ఊపారు.

గుడ్డలు చుట్టాను. దారం ముడి పడలేదు. బాలకుమారి పక్కన కూర్చుని ఒక్కొక్కటీ కట్టింది. గట్టిగా కట్టకు, విప్పడం కష్టమవుతుంది అన్నాను.

"ఎవరు విప్పుతారండీ?" అంది.

అలా అన్నా ముడి వదులుగానే కట్టింది.